ఎబ్రు కోసం ఇస్తాంబుల్: బస ఎక్కడ, పాఠం ఎక్కడ

ఇస్తాంబుల్‌కు వెళ్లేవారిలో చాలామంది సుల్తానహ్మెత్ ప్రాంతంలోనే దిగుతారు. అయాసోఫ్యా, నీలి మసీదు నడక దూరంలో ఉంటాయి కనుక ఊరు చూడటానికి అది మంచి చోటే. చిక్కటి నీటిపై రంగులను తేలించి, ఆ అమరికను కాగితం మీదికి ఎత్తుకునే ఎబ్రు కళ కోసం వెళ్లేవారు మాత్రం బోస్ఫరస్ జలసంధి దాటి, ఆసియా ఒడ్డున ఉన్న ఉస్కుదార్‌లో ఉండటం మేలని నా అభిప్రాయం.

సుల్తానహ్మెత్‌లో నేను మొదట వెళ్లింది పర్యాటకుల కోసం నడిపే ఒక దుకాణానికి. నీరు, రంగులు అన్నీ ముందే సిద్ధం చేసి ఉంచి, మన చేతికి సూది ఇచ్చి, గంటలోపే ఒక తులిప్ పువ్వును కాగితంపై అచ్చు వేయించి పంపుతారు. పిల్లలతో వెళ్లిన కుటుంబాలకు అది సరదాగానే ఉంటుంది గానీ, కళ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలనుకునేవారికి ఆ ధర ఎక్కువే. అయాసోఫ్యా పక్కనే, 1559లో వాస్తుశిల్పి సినాన్ కట్టిన జాఫెరాగా మద్రసా అంతకంటే చూడదగినది. ఒకప్పుడు విద్యార్థులు చదువుకున్న గదులలో ఇప్పుడు సంప్రదాయ కళలు నేర్పుతున్నారు. పాఠాల వేళలు, బోధన ఏ భాషలో అన్నది ముందుగా కనుక్కొని వెళ్లడం మంచిది.

ఉస్కుదార్‌లో నాకు దొరికిన చిన్న కార్యశాలలో మొదటి పాఠం పాలరాతి పలకపై మట్టి రంగును నూరడంతోనే గడిచిపోయింది. రంగులో కలిపే ఎద్దు పైత్యరసం వల్లనే అది మునగకుండా నీటిపై పరచుకుంటుందని, తరువాత చల్లే రంగులో ఆ రసం కాస్త ఎక్కువైతేనే అది ముందున్న రంగును పక్కకు నెట్టి తన చోటు చేసుకుంటుందని అక్కడే అర్థమైంది. నీటిని చిక్కబరిచేది కిత్రె అనే బంక. కుంచెలు గులాబీ కొమ్మలకు కట్టిన గుర్రపు వెంట్రుకలు. కుంచెను వేలికి తట్టి చుక్కలు రాల్చి, సూది గానీ దువ్వెన గానీ తగలనివ్వకుండా అలాగే కాగితం వేస్తే వచ్చేదాన్ని బత్తల్ అంటారు. పూల కంటే నన్ను కట్టిపడేసింది ఇదే. ఒకసారి ఎత్తిన కాగితం వంటిది మరొకటి రాదని తెలిశాక, ఇతర వ్యాపకాలన్నీ తగ్గించుకుని ఈ పనికే కూర్చోవాలని నిశ్చయించుకున్నాను.

ఉస్కుదార్‌ను ఎంచుకోవడానికి ఇంకొక కారణం దాని పరంపర. ఇక్కడి సుల్తాన్‌తెపెలోని ఉజ్బెక్ సూఫీ మఠంలో ఇబ్రహీం ఎద్హెమ్ ఎఫెంది వద్ద నెజ్మెద్దీన్ ఓక్యాయ్ (1883–1976) ఈ విద్య నేర్చుకుని పూల ఎబ్రుకు నిండుదనం తెచ్చారు. ఆయన శిష్యుడు ముస్తఫా దూజ్‌గున్మన్ (1920–1990) ఇదే ఉస్కుదార్‌లో మూలికలు, సుగంధద్రవ్యాలు అమ్ముతూనే ఎబ్రును నిలిపారు. 2014లో యునెస్కో ఎబ్రును మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. మన దక్కనుకు కూడా ఈ తరహా పని కొత్త కాదు. పదిహేడవ శతాబ్దపు బీజాపూర్ చిత్రాలలో రంగుల నీటి అచ్చులతోనే గుర్రాలను, మనుషులను తీర్చిన నమూనాలు మిగిలి ఉన్నాయి.

ఉస్కుదార్ రేవు దగ్గర హోటళ్లు సుల్తానహ్మెత్‌లో ఉన్నన్ని లేవు. నేను ఉన్న అతిథిగృహం గది ఇరుకు, లిఫ్టు లేదు, పెద్ద పెట్టెలతో వెళ్లేవారికి కష్టమే. కానీ ఉదయపు ఫలహారం నిండుగా పెట్టేవారు, తడి కాగితాలు ఆరబెట్టుకోవడానికి మేడ మీద చోటు అడిగితే కాదనలేదు. సుల్తానహ్మెత్ వైపు ఒడ్డున ఉన్న ఎమినోను రేవుకు పడవ సుమారు ఇరవై నిమిషాల ప్రయాణం, జలసంధి అడుగున వెళ్లే మర్మరాయ్ రైలు ఇంకా త్వరగా చేరుస్తుంది. రెండింటికీ ఇస్తాంబుల్‌కార్ట్ అనే ప్రయాణ కార్డు ఒక్కటే చాలు. కుంచెలు, పొడి రంగులు అక్కడే కొనడం మంచిది. పైత్యరసపు సీసాను చేతిసంచిలో కాకుండా విమానంలో అప్పగించే పెట్టెలో గట్టిగా చుట్టి పెట్టుకోవాలి. ప్రాథమిక శిక్షణకే కనీసం రెండేళ్లు పడుతుందంటారు కాబట్టి, వారం రోజుల సెలవుతో వెళ్లేవారు పూలు వేయించమని పట్టుబట్టకుండా, రంగు నూరడం, నీరు కలపడం, బత్తల్ వేయడం ఈ మూడూ నేర్పమని గురువును ముందే కోరడం ఉపయోగకరం.