యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయరు: అమ్మ గొంతో నాన్న గొంతో ఉన్న టేపుకు ఇది సరిపోతుందా?

చూడ్డానికి పాత వాక్‌మన్‌లా ఉంటుంది. పక్కన యూఎస్‌బీ తీగ, కావాలంటే రెండు పెన్సిల్ బ్యాటరీలతో కూడా నడుస్తుంది. ఎన్నో పేర్లతో అమ్ముతారు కానీ చాలావాటి లోపలి యంత్రం ఇంచుమించు ఒకటే. పాటల క్యాసెట్లు ఎంపీ3గా మార్చుకోవడానికని తయారుచేసిన వస్తువు ఇది. అయితే దీన్ని వెతుక్కునేవాళ్లలో పదిహేను, పదహారేళ్ల పిల్లలూ ఉంటారు. పోయిన అమ్మదో నాన్నదో గొంతు ఉన్న క్యాసెట్ ఏ అటక మీదో దొరికితే, ఇంట్లో దాన్ని వినే సాధనం ఉండదు. ఈ సమీక్ష ఆ పిల్లలకోసం, పక్కన కూర్చుని సాయం చేసే పెద్దవాళ్లకోసం.

ముందే చెప్పేస్తాం: వినడానికి బాగుంటుంది. దాచుకునే కాపీ తీయడానికీ పనికొస్తుంది, కానీ స్పీడు సరిచూసుకున్నాకే. డబ్బా విప్పీ విప్పగానే ఉన్న ఆ ఒక్క టేపునీ ఇందులో పెట్టేయొద్దు.

స్పీడు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. ఫిలిప్స్ కంపెనీ 1963లో ఈ క్యాసెట్‌ను తెచ్చినప్పటినుంచీ అదే లెక్క. ఇలాంటి చవక ప్లేయర్లలో అది రెండు మూడు శాతం అటూ ఇటూ కావడం మామూలే. ఆరు శాతం పెరిగితే గొంతు దాదాపు ఒక స్వరస్థానం పైకి వెళ్తుంది, మూడు శాతమైతే అందులో సగం. పాట వినేవాళ్లు పట్టించుకోకపోవచ్చు. మనిషి మాట అలా కాదు. గొంతు కాస్త సన్నబడుతుంది, మాట కాస్త తొందరపడుతుంది. ఆ గొంతు ఊహ తెలియని వయసులోనే దూరమైన పిల్లకు పోల్చుకోవడానికి జ్ఞాపకం ఉండదు. ఈ తప్పు గొంతే నాన్న గొంతుగా మనసులో నిలిచిపోతుంది.

కొలవడం కష్టం కాదు. కంపెనీ పాటల క్యాసెట్ ఒకటి తీసుకోండి, అదే రికార్డింగు ఆన్‌లైన్‌లో ఉన్నది చూసి. పాట మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా రెండింట్లోనూ ఎన్ని సెకన్లో కొలవండి. అసలు 300 సెకన్ల పాట ప్లేయరులో 291 సెకన్లకే అయిపోతే అది మూడు శాతం వేగంగా తిరుగుతోందన్నమాట. 3,150 హెర్ట్జ్ స్వరం ఒక్కటే రికార్డు చేసి ఉన్న టెస్ట్ టేపు దొరికితే ఇంకా నయం, అదే ప్లేయరులో ఆ స్వరం 3,245 దగ్గరికి వెళ్తుంది. సరిచేసే మర మోటారు వెనక చిన్న రంధ్రంలోనో సర్క్యూట్ బోర్డు మీదో ఉంటుంది. ప్లాస్టిక్ మొన ఉన్న స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. విప్పడం ఇష్టంలేకపోతే రికార్డు చేశాక ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ‘చేంజ్ స్పీడ్ అండ్ పిచ్’ తీసి మైనస్ 3 ఇస్తే సరిపోతుంది. పక్కనే ఉండే ‘చేంజ్ టెంపో’ జోలికి వెళ్లొద్దు. అది మాటను నెమ్మదింపజేస్తుంది కానీ గొంతును కిందికి దించదు.

ప్లేయరు సరిగ్గా ఉన్నా గొంతు తేడాగా అనిపించవచ్చు. ఆనాడు రికార్డు చేసిన టేప్ రికార్డరుకు బ్యాటరీలు తగ్గిపోయి ఉంటే టేపు నెమ్మదిగా నడిచి ఉంటుంది, ఇప్పుడు సరైన స్పీడులో పెడితే గొంతు కీచుగా వస్తుంది. రికార్డరు కరెంటు మీద నడిచినదైతే ఒక ఆనవాలు దొరికే అవకాశం ఉంది. మాటల వెనక సన్నగా గుయ్‌మనే కరెంటు మోత ఉందేమో చూడండి, ఆ దేశాన్ని బట్టి అది 50 లేదా 60 హెర్ట్జ్ ఉండాలి. ఆడాసిటీలో ‘ప్లాట్ స్పెక్ట్రమ్’ తెరిచి సైజు 65536 పెడితే ఆ శిఖరం ఎక్కడుందో తెలుస్తుంది. 50 ఉండాల్సింది 51.5 దగ్గర కనిపిస్తే మూడు శాతం తేడా. ఆ మోత టేపులోదా, మన ప్లేయరుదా అన్న అనుమానం వస్తే, రికార్డింగు మొదలయ్యే చోట, ఆగే చోట వినండి. దాంతోపాటే మొదలై దాంతోపాటే ఆగితే టేపులోదే.

ఇంట్లోవాళ్లు విని “మావాడి గొంతు ఇలా ఉండదు, ఇంకాస్త తగ్గించు” అంటారు. వాళ్ల మాట పట్టించుకోవద్దు. టేపులో ఉన్నది పదిహేనేళ్ల నాన్న కావచ్చు, పెళ్లికి ముందు పాట పాడుతున్న అమ్మ కావచ్చు. వాళ్లు గుర్తుపెట్టుకున్నది పెద్దయ్యాక ఉన్న గొంతు. జ్ఞాపకాన్ని బట్టి కాదు, కొలతను బట్టే స్పీడు మార్చాలి. పైగా పిల్లలకు, తమ ఈడులో ఉన్న అమ్మనో నాన్ననో వినే అవకాశం మళ్లీ రాదు.

ఇక టేపు సంగతి. పెట్టేముందు క్యాసెట్‌నీ, లోపలి అట్టనీ రెండువైపులా ఫొటో తీయండి, ఆ చేతిరాత కూడా ఆ మనిషిదే కావచ్చు. తర్వాత పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కల్నీ విరిచేయండి. అవి పోతే, ఆ రంధ్రాలు మూస్తే తప్ప, మామూలు రికార్డరు ఆ టేపు మీద మళ్లీ రికార్డు చేయలేదు. కింద టేపు కనిపించే సందులో, రాగి రంగు రేకు మీద అగ్గిపుల్ల తలంత మెత్తటి ఫెల్ట్ ముక్క అతికించి ఉంటుంది. టేపును హెడ్‌కు, అంటే ప్లేయరులో శబ్దాన్ని చదివే భాగానికి, ఆనించేది అదే. జిగురు ఎండి రాలిపోతే శబ్దం వస్తూ పోతూ ఉంటుంది, ప్లేయరు పాడైందనుకుంటారు. అలాంటప్పుడు రీళ్లు రెండూ మరలున్న మరో క్యాసెట్ డొప్పలోకి మార్చాలి. చేయి తిరగనివాళ్లు ముందు పనికిరాని టేపు మీద సాధన చేయాలి.

టేపు మీద తెల్లటి పొడి, మచ్చలు ఉంటే బూజు. పెట్టనే వద్దు. ప్లేయరు హెడ్‌కు అంటుకుని మిగతా టేపులకూ పాకుతుంది. తెగిన టేపూ అంతే. రెండింటినీ అనుభవమున్న సర్వీసుకే ఇవ్వాలి. ఇచ్చేముందు మూడు మాటలు అడగండి: శుభ్రం చేయని అసలు వేవ్ ఫైలు (ఎంపీ3లా కుదించని శబ్దపు ఫైలు) ఇస్తారా, ప్రతి టేపుకూ హెడ్ కోణం, అంటే టేపుకు హెడ్ ఆనే వాలు, సరిచూస్తారా, టేపు తిరిగిస్తారా. రెండో ప్రశ్నకు తెల్లమొహం వేస్తే వేరేచోటు చూసుకోవాలి.

ఏళ్ల తరబడి కదలని టేపును మోటారుకు నేరుగా అప్పగిస్తే అది లాగేసి, మొదట్లో టేపు అతికి ఉన్న చోట తెంపేయవచ్చు. ఆరు పలకల పెన్సిల్ దూర్చి చేత్తో నాలుగు చుట్లు తిప్పి, బిగుసుకోలేదని తెలిశాకే ముందుకు, వెనక్కు పూర్తిగా ఒకసారి తిప్పాలి. ఎక్కువ నిడివి క్యాసెట్లకు, ముఖ్యంగా సి-120కి, ఈ ప్లేయరు మంచిది కాదు. ఆ టేపు మరీ పల్చన, రబ్బరు చక్రానికి చుట్టుకుపోతుంది.

శబ్దం దుప్పటి కప్పినట్టు వస్తే స, శ, చ అక్షరాలు వినండి. అవి మొద్దుబారాయంటే హెడ్ మురికిపట్టి ఉండాలి, లేదా హెడ్ కోణం కలవకపోయి ఉండాలి. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లతో హెడ్ తుడవండి. అప్పటికీ మారకపోతే హెడ్ పక్కన స్ప్రింగుతో ఉన్న మరను, టేపు నడుస్తుండగా కొద్దికొద్దిగా తిప్పాలి. స, శలు పదునుగా తేలిన చోట ఆపాలి. కొన్ని మోడళ్లలో ఆ మరకు దారి ఉండదు. అది పెద్ద లోటే.

నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే రకం కొనొద్దని మా సలహా. వాటిలో కొన్ని నిశ్శబ్దం వచ్చిన ప్రతిచోటా ఫైలు ముక్క చేస్తాయి. పాటకు అది సౌకర్యం, మాట్లాడే మనిషికి కాదు. ఆలోచిస్తూ ఆగిన చోటల్లా కోత పడుతుంది. కంప్యూటరుకు కలిపి ఆడాసిటీలో 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, స్టీరియో వేవ్‌గా తీయండి. గంటకు 635 ఎంబీ అవుతుంది. గట్టి మాట దగ్గర ఆడాసిటీలో శబ్దం స్థాయి చూపే పట్టీ మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. విండోస్ ఈ ప్లేయరును మైకుగా భావించవచ్చు. అప్పుడు సౌండ్ సెట్టింగ్స్‌లో ‘ఎన్‌హాన్స్‌మెంట్స్’ ఆపేయకపోతే చిన్న గొంతుల్ని రొద అనుకుని మింగేస్తుంది. కీచుమనే సన్నటి కూత వినిపిస్తే అది చాలావరకు యూఎస్‌బీ కరెంటుది. ప్లేయరుకు బ్యాటరీలు వేసి, హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి కంప్యూటరు లైన్-ఇన్‌కు తీగ కలిపితే పోతుంది.

రొద తీసేసే ఫిల్టరు వాడాలనిపిస్తే నకలు మీదే వాడండి. గట్టిగా వాడితే మాట నీళ్లలోంచి వచ్చినట్టవుతుంది, ఊపిరి తీసిన చప్పుడూ, నవ్వు ఆపుకున్న చప్పుడూ ముందుగా పోతాయి. ఇంకొకటి, మాటకు ఒక్క క్షణం ముందు అదే మాట లీలగా వినిపిస్తే బెదిరిపోవద్దు. చుట్టలో ఆనుకున్న పొరల మధ్య అయస్కాంత ముద్ర దిగడం వల్ల అలా జరుగుతుంది.

ఖాళీ వచ్చిందని ఆపేయకండి. క్యాసెట్ల మీద మళ్లీ మళ్లీ రికార్డు చేసేవాళ్లు. పైన చేసినది చిన్నదైతే, అది ముగిసిన చాలాసేపటికి పాత రికార్డింగు తోక మిగిలి ఉంటుంది. రెండు సైడ్లూ రీలు ఆగేదాకా నడవనివ్వాలి. ఆ సమయంలో కంప్యూటరు శబ్దం తగ్గించి ఉంచొచ్చు. మొదటిసారి ఎప్పుడు, ఎవరి పక్కన కూర్చుని వినాలో ఆ పిల్లో పిల్లాడో చెప్పాలి. పెద్దవాళ్లు ముందే వినేసి “ఇక్కడ బాగుంది” అని ముక్క కోసి ఇవ్వకూడదు.

ఫైలుకు పేరుగా అట్ట మీద ఏముందో అదే పెట్టండి. తేదీ కొట్టేసి ఉన్నా, అక్షరం తప్పు రాసి ఉన్నా ఉన్నది ఉన్నట్టే.