లాగిన్ ఉన్నా ర్యాక్ ఉండాల్సిందే

నేను పీహెచ్‌డీ చేసిన యూనివర్సిటీ లైబ్రరీలో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ అనే సామాజిక శాస్త్రాల వారపత్రికను అటు అచ్చులోనూ ఇటు ఆన్‌లైన్‌లోనూ ఏళ్ల తరబడి చదువుతున్నా. వెతకడం వరకైతే ఆన్‌లైన్‌కు తిరుగులేదు, రచయిత పేరు కొడితే 1966 తొలి సంచికల నుంచి రాసినవన్నీ నిమిషంలో వచ్చేస్తాయి, అదే సంచికలు కలిపి కుట్టిన బౌండ్ వాల్యూములు దింపుకుని వెతకాలంటే పూటంతా పోతుంది.

చదవడం దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. పాత సంచికల స్కాన్లలో కొన్నిచోట్ల పట్టికలు మసగ్గా ఉంటాయి, కూలి రేట్ల పట్టికలో అంకె 3నో 8నో ఎంత జూమ్ చేసినా తేలదు, వాల్యూమ్ తెరిస్తే చూడగానే తెలుస్తుంది. పైగా కాగితం మీద ఆ వారం సంపాదకీయం, ఉత్తరాలు, ప్రకటనలు అన్నీ పక్కనే ఉంటాయి. నా థీసిస్‌లో ఒక అధ్యాయం అలా పక్క పేజీలో కంటపడిన ఉత్తరం నుంచే మొదలైంది.

అసలు పేచీ హక్కు దగ్గర. ఆన్‌లైన్ చందా చాలావరకు చదువుకోవడానికి ఇచ్చే అనుమతే, పాత సంచికల సంగతి ఒప్పందంలో విడిగా రాసుకోకపోతే డబ్బు కట్టడం మానిన రోజున అవీ పోవచ్చు. 2019లో జర్నళ్లు ప్రచురించే ఎల్సెవియర్ సంస్థతో ఒప్పందం కుదరక కాలిఫోర్నియా యూనివర్సిటీ అంతటిదానికే కొత్త వ్యాసాలు ఆగిపోయాయి, 2021లో గానీ సర్దుబాటు కాలేదు. 2001లో హ్యూమన్ ఇమ్యునాలజీ పత్రిక ఒక వ్యాసాన్ని ఉపసంహరించి వెబ్‌సైటు నుంచి తీసేసింది, లైబ్రరీలను ఆ పేజీలు చింపేయమని కూడా అడిగింది! వెబ్‌లో ఒకచోట తీస్తే అందరికీ పోయినట్టే, కాగితం అలా కాదు, చింపాలా వద్దా అన్నది ఆ లైబ్రరీ ఇష్టం.

సంస్థలన్నిటికీ కలిపి ఒకే ఆన్‌లైన్ చందా కట్టేందుకు 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం నిజంగా పెద్ద మేలు. మూడేళ్లకు 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలవి దాదాపు 13,000 జర్నళ్లు. కానీ అది ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకే. పీహెచ్‌డీ అయిపోయాక నా రిమోట్ లాగిన్ తీసేశారు, ఇప్పుడు నాలాంటి ప్రైవేటు కాలేజీ లెక్చరర్‌కు లైబ్రరీలో అచ్చు పత్రికలుండే పీరియాడికల్స్ సెక్షనే దిక్కు, అక్కడ పాస్‌వర్డ్ ఎవరూ అడగరు.

అన్ని జర్నళ్లూ అచ్చులో తెప్పించమని నేననను, చోటూ లేదు, డబ్బూ లేదు. మన దేశపు జర్నళ్లు, తెలుగు పత్రికలు మాత్రం వదలొద్దు, బైండింగ్ డబ్బులు అసలే కోయొద్దు. బైండింగ్ చేయించకుండా విడి సంచికలు ర్యాక్‌లో ఏడాది ఉంచితే మధ్యలో రెండు మూడు మాయమవుతాయి, తర్వాత తెప్పిద్దామన్నా దొరకవు.