ప్రాక్స్‌మాక్స్ ఏడాది పైన వాడాక - మా బెజవాడ మందుల హోల్‌సేల్ ఆఫీసు అనుభవం

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు నీళ్ళు వచ్చేస్తున్నాయని గోడౌన్ బాబాయ్ ఫోన్ చేసేసరికే సింగ్‌నగర్‌లో మా సర్వర్ రూమ్‌లో మోకాలి లోతు ఉంది. నేనుండేది రెండు వీధుల అవతలే కాబట్టి నడుచుకుంటూ వెళ్ళగలిగా. బాబాయ్, నేను, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు కలిసి టవర్ సర్వర్లని ఒక్కొక్కటిగా భుజాల మీద పెట్టుకుని మేడ మీదికి మోశాం, ఐదింట్లో రెండే దక్కాయి. రోజూ రాత్రి బ్యాకప్ తీసే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కూడా అదే ర్యాక్ కింద అరలో ఉంది, అది అందరికంటే ముందే మునిగింది.

ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిన రోజులవి. ఊళ్ళో షాపుల వాళ్ళు బీపీ మాత్రలు, షుగర్ మందులు కావాలని ఫోన్లు చేస్తున్నారు, మేడ మీద స్టాక్ ఉంది, కానీ ఏ బ్యాచ్ ఎంత ఉందో ఎక్స్‌పైరీ ఎప్పుడో చెప్పే కంప్యూటర్ లేదు. మా అకౌంటెంట్ అక్క పెన్‌డ్రైవ్‌లో నాలుగు రోజుల పాత ట్యాలీ బ్యాకప్ ఉండటం వల్ల లెక్కలు దక్కాయి. బిల్లింగ్ డేటాబేస్ మాత్రం తడిసిన డిస్క్ నుంచి రికవరీ చేయించేసరికి పదకొండు రోజులు పట్టింది, ఆ పదకొండు రోజులు చేత్తో బిల్లులు రాశాం. అన్నీ సర్దుకున్నాక మా సార్ ఒకటే అడిగారు, "ఏమయ్యా, మళ్ళీ నీళ్ళొస్తే ఈసారి కూడా మొయ్యాల్సిందేనా?"

దానికి సమాధానంగా చేసిన పనే ఇదంతా. రివ్యూ ఎక్కువగా ప్రాక్స్‌మాక్స్ వీఈ గురించి, దాంతోపాటు మార్చిన నెట్‌వర్క్, క్లౌడ్ బ్యాకప్ గురించి కూడా రాస్తున్నా, ఎందుకంటే ఈ మూడూ కలిస్తేనే పని జరిగింది, ఏ ఒక్కటి వదిలేసినా మళ్ళీ మొదటికొచ్చేవాళ్ళం.

తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. ఒక మంచి సర్వర్ మీద ప్రాక్స్‌మాక్స్ ఎక్కిస్తే దాని లోపల నాలుగైదు కంప్యూటర్లు వేరువేరుగా నడుస్తాయి, ఒకదాంట్లో విండోస్, ఒకదాంట్లో లైనక్స్, ఏది పడిపోయినా పక్కదానికి సంబంధం ఉండదు. ఆస్ట్రియాలో వియన్నా కంపెనీ వాళ్ళది, 2008 నుంచి ఉంది. అడుగున డెబియన్ లైనక్స్, ఇలా లోపల నడిచే పూర్తి కంప్యూటర్లకి, అంటే వర్చువల్ మెషీన్లకి, కేవీఎం అనే లైనక్స్ టెక్నాలజీ, తేలికపాటి లైనక్స్ పనులకి ఎల్ఎక్స్‌సీ కంటైనర్లు. ఓపెన్ సోర్స్, ఫీచర్లన్నీ ఫ్రీగానే వస్తాయి, డబ్బులు కట్టేది సపోర్ట్ కోసం, బాగా టెస్ట్ చేసిన అప్‌డేట్ల కోసం. ఇక ఇదే పనికి సాఫ్ట్‌వేర్ అమ్మే వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ 2023 నవంబర్‌లో కొనేశాక, ఒకసారి కొంటే శాశ్వతంగా వాడుకునే లైసెన్సుల అమ్మకం ఆ డిసెంబర్‌లోనే ఆపేసి అంతా సబ్‌స్క్రిప్షన్‌కి మార్చారు కదా, అప్పట్నుంచి చిన్న ఆఫీసుల చూపు దీని మీద బాగా పడింది. మాకు ముందు వీఎంవేర్ లేదు కాబట్టి ఆ పోలిక నేను చెప్పలేను. ఉన్నవాళ్ళ కోసం వీఎంవేర్ వాళ్ళ ఈఎస్ఎక్స్‌ఐ నుంచి మెషీన్లని నేరుగా లాక్కునే ఇంపోర్ట్ విజార్డ్ 2024 నుంచి ఇందులోనే ఉంది.

ఇప్పుడు మా సెటప్. ఆఫీసు బెంజ్ సర్కిల్ వైపు మూడో అంతస్తుకి మారింది. రిఫర్బిష్డ్ సర్వర్లు రెండు తీసుకున్నాం, ఒక్కోదానికి 128 జీబీ ర్యామ్, డిస్కులు జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌తో మిర్రర్, అంటే ఒకే డేటా రెండు డిస్కుల్లో ఉంటుంది. పాత ఐదు మెషీన్ల పని, అంటే బిల్లింగ్, ట్యాలీ, అందరి లాగిన్లు చూసే డొమైన్ కంట్రోలర్, అటెండెన్స్, స్కాన్ చేసిన ఇన్వాయిస్‌ల ఫైల్ సర్వర్, అంతా వీటిలోకి వచ్చేసింది. కెమెరాల రికార్డింగ్ దాచే ఎన్‌వీఆర్ మాత్రం విడిగానే ఉంచా, రాత్రింబవళ్ళు డిస్క్ రాస్తూనే ఉండే పనిని తెచ్చి బిల్లింగ్ పక్కన పెట్టడం నాకు ఇష్టం లేదు.

మార్చడం ఎలా అంటే, మిగిలిన రెండు పాత విండోస్ మెషీన్ల డిస్కుని డిస్క్‌టువీహెచ్‌డీ అనే చిన్న టూల్‌తో ఒక ఫైల్‌గా తీసి, ప్రాక్స్‌మాక్స్‌లోకి ఇంపోర్ట్ చేశా. ఇక్కడ నేను తొందరపడి ఒక రాత్రి పోగొట్టుకున్నా. స్పీడ్ వస్తుందని డిస్క్‌ని నేరుగా వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన వర్ట్‌ఐఓ పద్ధతికి పెట్టేశా, విండోస్‌కి ఆ డ్రైవర్ తెలీదు కదా, బూట్ అవగానే బ్లూ స్క్రీన్. ముందు మామూలు సాటా డిస్క్‌గా పెట్టి బూట్ చేయాలి, తర్వాత 1 జీబీ ఉత్తుత్తి డిస్క్ ఒకటి వర్ట్‌ఐఓగా తగిలించి డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయాలి, ఆ తర్వాత షట్‌డౌన్ చేసి అసలు డిస్క్‌ని మార్చాలి. ఈ వరస తెలిస్తే అరగంట పని. ట్యాలీ వాడేవాళ్ళు పాత మెషీన్‌లో లైసెన్స్ సరెండర్ చేసి కొత్తదాంట్లో యాక్టివేట్ చేసుకోవడం మర్చిపోవద్దు, పాతది ఫార్మాట్ కొట్టాక గుర్తొస్తే ఇబ్బంది.

విండోస్ సర్వర్ లైసెన్స్ లెక్క చాలామంది తప్పు వేస్తున్నారు. స్టాండర్డ్ ఎడిషన్‌లో సర్వర్‌లోని కోర్లన్నిటికీ, తక్కువలో తక్కువ 16 కోర్లకి, లైసెన్స్ తీసుకుంటే దాని మీద రెండు విండోస్ వర్చువల్ మెషీన్లకి హక్కు వస్తుంది. మెషీన్ ఈ సర్వర్ నుంచి ఆ సర్వర్‌కి దూకేలా పెట్టుకుంటే రెండో సర్వర్‌కి కూడా లైసెన్స్ ఉండాలి. ప్రాక్స్‌మాక్స్ ఫ్రీ కదా అని బడ్జెట్ వేసి సార్ ముందు పెట్టి, తర్వాత ఇది బయటపడితే మాట పోతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది రెప్లికేషన్. మొదటి సర్వర్‌లో ఉన్న మెషీన్ డిస్కు రెండోదానికి ఎప్పటికప్పుడు కాపీ అవుతూ ఉంటుంది, మారినంత వరకే పోతుంది కాబట్టి బరువు ఉండదు. మామూలుగా 15 నిమిషాలకోసారి ఉంటుంది, బిల్లింగ్‌కి నేను నిమిషానికి పెట్టా. కానీ దీన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి, మొదటి సర్వర్ హఠాత్తుగా చచ్చిపోతే చివరి కాపీ తర్వాత కొట్టిన బిల్లులు పోతాయి. అంటే మాకు ఒక నిమిషం బిల్లులు. అది కూడా పోకూడదు అనుకునేవాళ్ళు రెండు సర్వర్లూ కలిసి వాడుకునే షేర్డ్ స్టోరేజ్ పెట్టుకోవాలి, లేదా కనీసం మూడు సర్వర్లతో, డేటాని అన్నిటిలోనూ పంచి దాచే సెఫ్ కట్టుకోవాలి, ఆ ఖర్చు మా స్థాయికి ఎక్కువ. మరమ్మతు పనులకైతే ఈ బాధ లేదు, నడుస్తున్న మెషీన్‌ని అలాగే పక్క సర్వర్‌కి జరిపేయొచ్చు. మొన్న వేసవిలో ఫ్యాన్ మార్చడానికి మధ్యాహ్నం పన్నెండింటికి, కౌంటర్‌లో రష్‌గా ఉన్నప్పుడే జరిపా, బిల్లు కొడుతున్న అమ్మాయికి తెలీనేలేదు. ఇదివరకు ఇలాంటి పనికి ఆదివారం రాత్రి దాకా ఆగేవాడిని.

రెండు సర్వర్లని ఒక జట్టుగా కలిపి క్లస్టర్ కట్టేవాళ్ళకి ఒక మాట. ఇద్దరే ఉన్నప్పుడు ఒకడు పోతే మిగిలినవాడికి మెజారిటీ ఉండదు, క్వోరం లేదని ఆ మిగిలినది కొత్తగా ఏ మెషీనూ స్టార్ట్ చేయదు. అందుకే మూడో ఓటు కోసం క్యూడివైస్ అని ఒకటి పెట్టాలి, రాస్ప్‌బెర్రీ పై చాలు, మేమైతే పాత మినీ పీసీ వాడాం. క్లస్టర్ మాట్లాడుకునే కోరోసింక్ ట్రాఫిక్‌కి విడిగా ఒక పోర్ట్ ఇవ్వండి, దానికి స్పీడ్ అక్కర్లేదు కానీ ఆలస్యం పనికిరాదు, బ్యాకప్ నడిచే కేబుల్ మీదే దాన్ని కూడా తోసేస్తే అర్ధరాత్రి సర్వర్లు ఒకదాన్నొకటి పోయిందనుకుంటాయి.

నెట్‌వర్క్ సంగతి. పాత ఆఫీసులో బిల్లింగ్‌కి ఒక స్విచ్, కెమెరాలకి ఒకటి, ఇంటర్‌కామ్ ఫోన్లకి ఒకటి, మూడు రకాల కేబుళ్ళు, ఏది ఎటు పోతుందో ఎవరికీ తెలీదు. పెద్ద డేటా సెంటర్లలో కూడా ఇదే గోల పెద్ద ఎత్తున ఉండేది, స్టోరేజ్‌కి ఫైబర్ ఛానెల్ అనే నెట్‌వర్క్ విడిగా, మామూలు నెట్‌వర్క్ విడిగా, ఒక్కో సర్వర్‌కి రెండేసి రకాల కార్డులు. ఆ రెండిటినీ ఒకే 10 గిగాబిట్ ఈథర్‌నెట్ మీద పంపాలని ఎఫ్‌సీఓఈ అనే పద్ధతి తెచ్చారు, దాని స్టాండర్డ్ 2009లో వచ్చింది, కాకపోతే దానికి ఒక్క ప్యాకెట్ కూడా జారిపోని ప్రత్యేకమైన స్విచ్‌లు కావాలి. మాలాంటి వాళ్ళకి అంత అవసరం లేదు. నెట్‌వర్క్ కేబుల్లోనే కరెంటు కూడా ఇచ్చే 24 పోర్టుల మేనేజ్డ్ పీఓఈ స్విచ్ ఒక్కటి పెట్టి, అందులో వీల్యాన్లు, అంటే ఒకే స్విచ్‌లో నంబర్లతో వేరుచేసిన నెట్‌వర్కులు, విడగొట్టాం, బిల్లింగ్ 10, కెమెరాలు 20, ఫోన్లు 30, వచ్చిపోయే వాళ్ళ వైఫై 40. వైర్ ఒకటే అయినా కంపెనీ రెప్స్ ఫోన్లు మా బిల్లింగ్ మెషీన్‌ని చూడలేవు. ప్రాక్స్‌మాక్స్ వైపు బ్రిడ్జిలో వీల్యాన్ అవేర్ అని ఒక టిక్కు పెట్టి, మెషీన్‌కి నంబర్ ఇస్తే సరిపోతుంది, కొత్త కేబుల్ లాగే పనే లేదు. రెండు సర్వర్ల మధ్య రెప్లికేషన్‌కి మాత్రం డీఏసీ అనే 10 గిగాబిట్ రాగి కేబుల్ నేరుగా తగిలించా.

ఒకరోజు రాత్రి ఇంటి నుంచి స్విచ్‌లో మార్పులు చేస్తూ, స్విచ్‌ని చేరడానికి వాడే మేనేజ్‌మెంట్ వీల్యాన్‌ని, అన్ని వీల్యాన్లూ నడిచే ట్రంక్ లింక్ లోంచి తీసేశా. అంతే, నేను కూర్చున్న కొమ్మనే నరుక్కున్నట్టైంది, కన్సోల్ కేబుల్ పట్టుకుని పదకొండింటికి ఆఫీసుకి పోవాల్సొచ్చింది. స్విచ్ కాన్ఫిగరేషన్ సేవ్ చేసి పెట్టుకోండి, వీలైతే అదే మోడల్ ఇంకోటి స్పేర్‌గా కొనిపెట్టండి, అన్నీ ఒక్క స్విచ్ మీదకి తెచ్చాక అది పోతే అన్నీ పోతాయి.

క్లౌడ్ విషయంలో చాలామంది అన్నీ క్లౌడ్‌లో పెట్టేయండి అని సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. మా వీధిలో డ్రైనేజీ కోసం ఎప్పుడు తవ్వినా ఫైబర్ తెగుతుంది, నెట్ పోయిందని కౌంటర్ దగ్గర మందుల కోసం నిలబడ్డ మనిషిని పంపించలేం కదా. అందుకే బిల్లింగ్ ఆఫీసులోనే. మెయిల్, సేల్స్ అబ్బాయిలు గుంటూరు, తెనాలి, నూజివీడు నుంచి ఆర్డర్లు పెట్టే యాప్, ఇవి క్లౌడ్‌లో. ఇప్పుడు హైదరాబాద్‌లోనే అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ రీజియన్ (డేటా సెంటర్ల కేంద్రం) ఉంది, 2022 నవంబర్‌లో వచ్చింది, మన దగ్గర్నుంచి దూరం అనే సమస్య దాదాపు పోయినట్టే.

అసలు ప్రాణం బ్యాకప్‌లో ఉంది. ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ అని వేరే ప్రోగ్రామ్, అదీ ఫ్రీనే. మెషీన్ డిస్క్‌ని 4 ఎంబీ ముక్కలుగా చూసుకుని, ఇంతకుముందే ఉన్న ముక్కని మళ్ళీ దాచదు. ఆఫీసులో ఒకటి, హైదరాబాద్‌లో అద్దెకి తీసుకున్న మెషీన్‌లో ఒకటి పెట్టాం. మొదటిసారి 800 జీబీ, 100 ఎంబీపీఎస్ లైన్ మీద ఆగకుండా పంపినా పద్దెనిమిది గంటల పని, మేం రాత్రిళ్ళు మాత్రమే పంపి మూడు రాత్రుల్లో పూర్తి చేశాం. ఇప్పుడు రోజుకి 7, 8 జీబీ మించి పోదు, పది పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. డేటా మన దగ్గరే ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంది, కాబట్టి అద్దె మెషీన్ వాళ్ళకి ఏమీ కనపడదు, కానీ ఆ కీ పోతే మనకీ ఏమీ కనపడదు. కీని కాగితం మీద ప్రింట్ తీసుకునే సదుపాయం ఉంది, ఆ కాగితం మా సార్ బ్యాంక్ లాకర్లో పెట్టారు, బంగారం పక్కన.

పెద్ద క్లౌడ్ కంపెనీల దగ్గర డేటా లోపలికి పంపడం కంటే బయటికి తెచ్చుకోవడానికి ఎక్కువ కట్టాల్సొస్తుంది, ఆ రేటు ముందే చూసుకోండి. నెలకోసారి నేను హైదరాబాద్ కాపీ నుంచి బిల్లింగ్ మెషీన్‌ని తిరిగి లేపి, మా అకౌంటెంట్ అక్కతో పాత బిల్లు ఒకటి తెరిపిస్తా. మొదటిసారి ఆ పాత బిల్లు తెర మీదికి వచ్చినప్పుడు ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ పదకొండు రోజులు చేత్తో రాసింది ఆవిడే.

లోపాలు. సబ్‌స్క్రిప్షన్ లేకపోతే లాగిన్ అయిన ప్రతిసారీ ఒక మెసేజ్ బాక్స్ వస్తుంది. కమ్యూనిటీ ప్లాన్‌లో టికెట్ సపోర్ట్ ఉండదు, పై ప్లాన్లలో ఉన్నా వియన్నా పనివేళలు, మనకంటే మూడున్నర, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక, మన ఉదయం రష్‌లో వాళ్ళింకా నిద్రలో ఉంటారు. లైనక్స్ కమాండ్ లైన్ అంటే భయపడే వాళ్ళకి మాత్రం ఇది ఇవ్వొద్దు, రోజువారీ పని బ్రౌజర్‌లో అయిపోయినా డిస్క్ చెడిన రోజు కమాండ్లు కొట్టాల్సిందే. జెడ్ఎఫ్ఎస్ కోసం ర్యామ్ కొంచెం ఎక్కువే వేసుకోండి.

కరెంటు సంగతి, పాత ఐదు టవర్లు రోజుకి పద్దెనిమిది యూనిట్లు తాగేవి, ఇప్పుడు ఎనిమిది, ఏసీ కూడా ఆ మేరకు తక్కువ తిరుగుతుంది, మే నెలలో బెజవాడలో ఇది చిన్న విషయం కాదు. సర్వర్‌లోని ప్రాసెసర్ సాకెట్ల లెక్కన ఏడాదికి కట్టే ప్రాక్స్‌మాక్స్ సబ్‌స్క్రిప్షన్‌లో అన్నిటికంటే చిన్నది రెండు సర్వర్లకీ తీసుకున్నాం, ఫ్రీగా నడుస్తుంది నిజమే, కానీ మన అన్నం దాని మీద ఉన్నప్పుడు చేసినవాళ్ళకి ఎంతో కొంత ఇవ్వడం నాకు న్యాయం అనిపించింది.

నా రేటింగ్ 5కి 4.5. ఆ అర తగ్గించింది సపోర్ట్ వేళల కోసం.

మొన్న వానల్లో రెండ్రోజులు ఆగకుండా కురిస్తే గోడౌన్ బాబాయ్ మళ్ళీ ఫోన్ చేశాడు, "అబ్బాయ్, మొయ్యడానికి రమ్మంటావా?" అని. వద్దు బాబాయ్, మందుల పెట్టెలు పైకి ఎత్తించు చాలు అన్నా.