ఈబర్డ్‌లో పక్షి పేరు ఒక్కటే సరిగ్గా ఉంటే చాలదు

గుంటూరు చుట్టుపక్కల చూసిన పక్షులన్నిటినీ కొన్నేళ్లుగా ఈబర్డ్ అనే యాప్‌లోనే నమోదు చేస్తున్నాను. ఈబర్డ్ 2002లో అమెరికాలో వెబ్‌సైటుగా మొదలైంది. యాప్ ఉచితం, సిగ్నల్ లేనిచోట కూడా పనిచేస్తుంది, ఒక్క పూటలో అలవాటవుతుంది. వాడకం గురించి ఇంతకుమించి చెప్పాల్సింది లేదు. అందులోకి మనం పంపే సమాచారం ఎంత నికార్సయినదన్నదే నా పట్టింపు.

పక్షి పేరుకు కాపలా గట్టిగానే ఉంది. ఆ ప్రాంతంలో, ఆ నెలలో మామూలుగా కనిపించని పక్షిని రాసినా, సంఖ్య హద్దు దాటినా యాప్ అక్కడే వివరం అడుగుతుంది. తర్వాత స్వచ్ఛంద సమీక్షకులు పరిశీలిస్తారు, అనుమానం ఉంటే మనకే మెయిల్ రాస్తారు.

చోటుకు మాత్రం అంత కాపలా లేదు. కొల్లేరులో గూడబాతును (పెలికాన్) పటం మీద ఎక్కడ పెట్టినా నమ్మేలాగే ఉంటుంది కాబట్టి ఎవరూ ప్రశ్నించరు. పైగా ఒక విడత చూసిన పక్షుల జాబితాకు పటంలో ఒకటే గుర్తు. కైకలూరు, ఆటపాక, ఆ చుట్టుపక్కల చేపల చెరువులు అన్నీ బండి మీద తిరిగి ఒకే జాబితా రాస్తే, రోజంతా చూసిన పక్షులు ఒక్క చుక్క మీద వచ్చి పడతాయి. ఐదో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత వరకు కొల్లేరు అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు. ఏ మడుగును కాపాడాలో తేల్చుకోవాల్సిన వారికి ఆ చుక్క ఎందుకు పనికొస్తుంది? దిగిన ప్రతిచోటా కొత్త జాబితా మొదలుపెట్టండి. కొంచెం విసుగే, అయినా చేయాల్సిందే.

ఇంతకన్నా నన్ను బాధపెట్టేది జాబితా పంపేటప్పుడు చివర్లో యాప్ అడిగే ప్రశ్న: గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా? గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువు వద్ద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మాత్రం రాసి చాలామంది అవును అని నొక్కేస్తారు. తల మీదే అరుస్తున్న కాకి, గట్టు మీది గోరింక ఆ రోజు అక్కడ లేనట్టే లెక్క. 2023లో వచ్చిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక దాదాపు 30,000 మంది ఈబర్డ్‌కు పంపిన 3 కోట్ల నమోదులతో 942 జాతులను అంచనా వేసింది. ఏ జాతి తగ్గుతోందో చెప్పడానికి నివేదిక రాసినవారు చూసేది, అవును అని నొక్కిన పూర్తి జాబితాల్లో ఎన్నింటిలో అది కనిపించిందనే. ఊరపిచ్చుకను చూసి కూడా రాయకుండా అవును అంటే, ఉన్న పిచ్చుకను మనమే లేకుండా చేసినట్టు. అన్నీ రాయలేదా, కాదు అని నొక్కండి. అందులో నామోషీ ఏమీ లేదు.

సంఖ్య తెలియనప్పుడు ఎక్స్ అని పెట్టవచ్చు. నా మటుకు నేను పెట్టను. ఉప్పలపాడులో ఒక్కో చెట్టునే తీసుకుని ఎడమ నుంచి కుడికి లెక్కిస్తాను. గూళ్ల కాలంలో ఎర్రకాళ్ల కొంగ పిల్లలు మాసిన బూడిద రంగులో ఉంటాయి, పెద్దవాటి గులాబీ ఈకలు, రొమ్ము మీది నల్లపట్టీ ఇంకా రావు. కొత్తవారు వాటిని వేరే కొంగగా రాస్తుంటారు. పొద్దు కూడా ముఖ్యమే. మేతకు వెళ్లినవి సాయంత్రం తిరిగొస్తాయి కనుక మధ్యాహ్నపు లెక్కకూ సాయంత్రపు లెక్కకూ పోలికే ఉండదు. మొదలుపెట్టిన సమయం ఇంటికొచ్చాక గుర్తున్నంతలో వేస్తే ఆ తేడా ఎవరికీ అర్థం కాదు.

కళాశాల బృందాలతో వచ్చేవారికి ఒక మాట: ఒకరు రాసి మిగతావారితో జాబితా పంచుకోండి, ఈబర్డ్ దాన్ని ఒకే పరిశీలనగా తీసుకుంటుంది. ఎవరికి వారు పంపితే, అవే కొంగలు నలుగురి పేరిట నాలుగుసార్లు చేరతాయి.