హిమాలయన్ 411 ఇన్నేళ్లు నడిపాక చెప్తున్నా, తర్వాతి బండికి ముందు బరువు చూడండి

2018లో కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 ఇంకా నా దగ్గరే ఉంది, ఇంజన్ గట్టిగానే ఉంది, అయినా బండి మార్చాలనుకుంటున్నా. ఎందుకని అడిగిన ప్రతివాడూ పవర్ చాలట్లేదా అంటాడు. పవర్ కాదు, బరువు. ఉండేది అనంతపురం, పని డ్రిప్ ఇరిగేషన్, అంటే వారంలో సగం రోజులు చీనీ (బత్తాయి) తోటల్లోనే. నెలకోసారైనా బెంగళూరు పోయి రావాలి. సెలవు దొరికితే ఇంట్లోవాళ్లతో కదిరి, లేపాక్షి, ఎప్పుడన్నా గండికోట. ఈ మూడు రకాల తిరుగుడులో ఈ బండి ఎట్లా పనికొచ్చిందో, దాన్నుంచి తర్వాతి బండి లెక్క ఎట్లా తేలిందో రాస్తున్నా. మొదటి బండి కొనేవాళ్లకు ఇది పెద్దగా ఉపయోగపడకపోవచ్చు, పదేళ్లు పైన నడిపి ఇప్పుడు ఏది తీసుకుందామా అని చూసేవాళ్ల కోసం.

ముందు మంచి సంగతులు. 24 చిల్లర హార్స్‌పవర్ అంటే ఈరోజుల్లో కాలేజీ పిల్లలు నవ్వుతారు, కానీ దీని 32 ఎన్ఎం టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, నాలుగు వేల ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) కాస్త దాటగానే మొత్తం చేతికొస్తుంది. తోట దారిలో ఎర్ర ఇసుక, అడ్డంగా డ్రిప్ పైపులు, పక్కన ముళ్లకంప, అట్లాంటిచోట రెండో గేర్లో పెట్టి క్లచ్ ముట్టుకోకుండా వదిలేస్తే తనంతట తానే లాక్కుంటూ పోతుంది. ముందు చక్రం 21 అంగుళాలు, ముందు సస్పెన్షన్ ట్రావెల్, అంటే అది పైకీ కిందికీ ఆడే దూరం, 200 మిల్లీమీటర్లు. చక్రం పెద్దదైతే గుంతలో దిగేది తక్కువ, దాని మీదుగా దొర్లిపోయేది ఎక్కువ, ఆ తేడా ఊళ్లలో ఎవరింటి ముందు వాళ్లు సొంతంగా పోసుకున్న స్పీడ్ బ్రేకర్ల మీద బాగా తెలుస్తుంది. నడుం నొప్పి అని నేను డాక్టర్ దగ్గరకు పోలేదంటే సగం ఘనత ఈ సస్పెన్షన్‌దే.

బెంగళూరు పోయే 44వ నంబర్ హైవే మీద దీని సొంత నడక 90-100 మధ్య. ఆపైన పోతుంది కానీ పోవాలని దానికీ ఉండదు, మనకూ ఉండదు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చినప్పటినుంచి ఆ రోడ్డు మీద కార్లు మోసే పొడుగు ట్రైలర్లు ఎక్కువయ్యాయి. వాటిని దాటేటప్పుడు ట్రైలర్ పక్కన ఉన్నంతసేపు గాలి ఆగుతుంది, ముందుకు రాగానే పక్కనుంచి ఒక్క తోపు తోస్తుంది. ఊరికే కాదు కదా మన జిల్లాలో గాలిమరలు పెట్టింది. ఆ క్షణంలో మాత్రం ఈ బరువే మేలు చేస్తుంది, బండి గీత తప్పదు. బరువు మీద ఇంత రాస్తున్నా కాబట్టి దానివల్ల వచ్చే లాభం కూడా చెప్పడం న్యాయం.

ఇప్పుడు అసలు సంగతి. పెట్రోలు నింపితే బండి దగ్గర దగ్గర 200 కేజీలు. వెనక ర్యాకు, దాని మీద ఫిట్టింగుల సంచి, పానాలు, నీళ్ల బాటిళ్లు, ఇంకో పదిహేను. కదిలే బండికి ఇదేమీ తెలియదు. తోటలో పని అయిపోయి, రెండు చాళ్ల మధ్య బండి తిప్పుకునే జాగా లేక, ఇసుకలో దిగబడిన వెనక చక్రాన్ని ఎగువకు వెనక్కి తోయాల్సి వచ్చినప్పుడు ఒక్కో కేజీ లెక్క చెప్తుంది. హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, ఎడమ చేత్తో గ్రిప్పు, కుడి చేత్తో వెనక క్యారియర్ పట్టుకుని, సీటుకు తొడ ఆనించి, నడుముతో కాకుండా కాళ్లతో నెట్టాలి. బండి కొన్న కొత్తల్లో ఇదంతా ఒక సరదా. నలభై ఐదు దాటాక, మే నెల మధ్యాహ్నం, హెల్మెట్ లోపల చెమట కళ్లల్లోకి కారుతుంటే సరదా ఏమీ ఉండదు. సైడ్ స్టాండ్ అయితే మెత్తటి నేలలో నిలవనే నిలవదు, దిగిపోయి బండి పక్కకు ఒరుగుతుంది. దానికోసం అరచేయంత తాడిపత్రి బండముక్క ఒకటి ట్యాంక్ బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. ఏ ఆన్‌లైన్ షాపులో అమ్మే స్టాండ్ ప్లేటు కన్నా అదే నయం, పైసా ఖర్చు లేదు.

రెండో సంగతి చక్రాలు. స్పోకులు, లోపల ట్యూబు. గుంతలకు స్పోకులు మంచివే, సులువుగా విరగవు, వంగినా సరిచేయించుకోవచ్చు. కానీ మనది సర్కారు తుమ్మ రాజ్యం. ట్యూబ్‌లెస్‌కు ముల్లు దిగితే గాలి మెల్లగా పోతుంది, ఊరు చేరాక చూసుకోవచ్చు, లేదంటే అక్కడే రబ్బరు పుల్ల గుచ్చి రంధ్రం మూసి పది నిమిషాల్లో కదలొచ్చు. ట్యూబుకు దిగితే అక్కడికక్కడే కూలబడాలి, వెనక చక్రమైతే యాక్సిల్ విప్పాలి, చైన్ దించాలి, చక్రం బయటకు లాగాలి. ధర్మవరం రోడ్డులో పంక్చర్ షాపాయన ఒకసారి బండి చూసి, "అన్నా, చక్రం నువ్వే ఇప్పుకోని తెచ్చియ్, ట్యూబు ఐదు నిమిషాల్లో ఏసిస్తా, ఈ బండి కాడ నేను కూర్చుంటే నా బేరాలన్నీ పోతాయ్" అన్నాడు. ఆయన మాటలో తప్పేం లేదు. తర్వాతి బండికి ట్యూబ్‌లెస్ ఉండి తీరాలని ఆరోజే రాసుకున్నా.

ఎండ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రివ్యూలన్నీ చల్లటి ఊళ్లలో తీస్తారు. ఇది గాలికీ ఆయిలుకీ చల్లబడే ఇంజన్, రేడియేటర్ లేదు, నీళ్లు లేవు, గొట్టాలు లేవు, పాడయ్యేవి తక్కువ. టవర్ క్లాక్ దగ్గర ట్రాఫిక్‌లో నిలబడితే కాళ్లకు సెగ తగులుతుంది కానీ అది భరించేదే. లిక్విడ్ కూల్డ్ బండ్లలో ఇంజన్ లోపల వేడి బాగా అదుపులో ఉంటుంది, ఆ వేడంతా రేడియేటర్ ఫ్యాన్ బయటకు తోస్తుంది, ఎటు తోస్తుందన్నదే ప్రశ్న. మోకాళ్ల మీదికి తోసే బండి అయితే ఏప్రిల్, మేలలో నరకం. అందుకే టెస్ట్ రైడ్ సాయంత్రం ఆరింటికి వద్దు, మధ్యాహ్నం రెండింటికి అడగండి. షోరూం పిల్లోడు వింతగా చూస్తాడు, చూడనీ.

ఇంకో చిన్న మాట, పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ 20 శాతం కలిపినది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే, కాబట్టి మైలేజీ కాస్త తగ్గడం ఎవరి తప్పూ కాదు. నాది బీఎస్4 (పాత పొగ ప్రమాణం) బండి, ఆ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు, అందుకే ఫ్యూయల్ గొట్టాలు, రబ్బరు సీళ్లు ప్రతి సర్వీసులో చూపించుకుంటున్నా. కొత్త బండికి ఈ టెన్షన్ ఉండదు.

ఇక ఏం కొనాలి. మనసు మొదట పోయింది హిమాలయన్ 450 మీదికే, దాచేదేముంది. 452 సీసీ, 40 హార్స్‌పవర్, ఆరు గేర్లు, 17 లీటర్ల ట్యాంకు, తర్వాత ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు కూడా ఇచ్చారు. బెంగళూరు రోడ్డుకు అంతకన్నా ఏం కావాలి. కానీ కాగితం కిందికి చూస్తే బరువు 196 కేజీలు. నా కష్టం నాకట్లే మిగిలింది. దానికి తోడు పన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, 350 దాటితే 40 శాతం. అంతకుముందు సెస్సుతో కలిపి 31 ఉండేది. అంటే ఒక గీతకు ఈపక్క తగ్గింది, ఆపక్క పెరిగింది. పెద్ద బండి కొనాలా వద్దా అని ఊగేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపి ఆన్‌రోడ్ కొటేషన్ కాగితం మీద రాయించుకున్నాకే మాట్లాడండి, నోటి లెక్కలు నమ్మొద్దు.

ట్రయంఫ్ స్పీడ్ 400 బరువు 176 కేజీలే, ఇంజన్ కూడా 40 హార్స్‌పవర్, హైవేకు బ్రహ్మాండం. కానీ 17 అంగుళాల చక్రాలతో తోటలోకి పోలేను. రోడ్డు దిగని వాళ్లయితే నా మాట పక్కన పెట్టి అదే చూడండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 అందరూ చెప్పేదే, 2021లో వచ్చిన కొత్త ఇంజన్ నిజంగానే మెత్తగా ఉంది, కానీ 20 హార్స్‌పవర్‌కు 195 కేజీలు, నేను పారిపోతున్నదే ఆ లెక్క నుంచి. హోండా హైనెస్ సీబీ350 దానికన్నా తేలిక, 181, అయినా అది కూడా తారు రోడ్డు బండే.

మిగిలినవి రెండు. హీరో ఎక్స్‌పల్స్ 210, సుజుకి వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్. రెండూ 170 కేజీల లోపే. ఎక్స్‌పల్స్ మట్టిలో నిజంగా బాగుంటుంది, ముందు చక్రం 21 అంగుళాలు, రేటూ తక్కువ, ఊరూరా మెకానిక్ ఉంటాడు. కానీ మళ్లీ ట్యూబు చక్రాలు. అక్కడే ఆగిపోయా. వీ-స్ట్రామ్ 167 కేజీలు, 249 సీసీ, 26.5 హార్స్‌పవర్, ముందు 19 అంగుళాల అల్లాయ్ చక్రం, ట్యూబ్‌లెస్. చిన్న ఇంజన్ అయినా నా 411 కన్నా పవర్ ఎక్కువ, బరువు ముప్పై కేజీలు తక్కువ. ఒక యూరియా బస్తాలో మూడింట రెండు వంతులు దించేసినట్టే అనుకోండి. ట్యాంకు 12 లీటర్లే అని కొందరు మొహం ముడుస్తారు. బెంగళూరు మనకు 200 చిల్లర కిలోమీటర్లు, దారి పొడుగునా బంకులే, 12 లీటర్లు చాలు. లీటరు పెట్రోలు ముప్పావు కేజీ తూగుతుంది, అదీ బండిలో అన్నిటికన్నా పైన కూర్చుంటుంది, పెద్ద ట్యాంకు అందరికీ వరమేం కాదు.

లోటు లేదని కాదు. దీని టార్క్ 22 ఎన్ఎం, అదీ ఏడు వేల ఆర్‌పీఎం దాటాకే పూర్తిగా వస్తుంది. పాతదాని మాదిరి క్లచ్ వదిలేసి ఇసుకలో కూర్చుంటే కుదరదు, మొదటి గేర్లో క్లచ్ ఆడించాలి, రేస్ పట్టి ఉంచాలి. టెస్ట్ రైడ్‌లో కావాలనే రోడ్డు దింపి లేఅవుట్ మట్టిలో తిప్పి చూశా, అలవాటు చేసుకోవాల్సిందే, కానీ ఇరుక్కున్నా ఒక్కణ్నే లాక్కోగలను, నాకు అది ముఖ్యం. సీటు ఎత్తు 835 మిల్లీమీటర్లు, పాతది 800. నాది ఐదడుగుల ఆరంగుళాలు, రెండు కాళ్లూ మునివేళ్ల మీదే. తేలిక బండి కాబట్టి ఒక్క కాలు పూర్తిగా ఆనిస్తే చాలు, పట్టుకోవచ్చు. మా ఆవిడకే కష్టం. పాత బండికే "దీన్నెక్కాలంటే నిచ్చెన కావల్ల" అనేది, ఇది ఇంకా ఎత్తు. చీరలో ఒకసారి, డ్రెస్సులో ఒకసారి ఎక్కించి చూశాకే డబ్బు కడతానని చెప్పా. ఇద్దరు ఎక్కే బండి అయితే ఆ రెండో మనిషి లేకుండా షోరూంకు పోవద్దు, ఇది అనుభవం ఉన్నవాళ్లు కూడా పట్టించుకోరు.

ఇంకోటి, ఏ బండి అయినా సరే షోరూం ముందున్న ర్యాంపు మీద ఇంజన్ ఆపేసి, దిగి, ఒక్కరే వెనక్కి ఎగువకు తోసి చూడండి. రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తిప్పితే ఏ బండైనా బాగానే ఉంటుంది.

పాత బండిని ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వట్లేదు. ఒకచోట చెప్పిన రేటు విని నవ్వొచ్చింది, దాని మీదున్న ర్యాకు, క్రాష్ గార్డు, కొత్త టైర్లకే అంత అవుతుంది. 411 తయారీ ఆపేశారు కానీ దాని కోసం వెతికే పిల్లలు ఇంకా ఉన్నారు, లడఖ్ పోవాలనుకునేవాడు ఒకడు తగిలితే మంచి రేటే వస్తుంది. సర్వీసు బిల్లులన్నీ ఫైలు చేసి పెట్టా, చైన్ సెట్ ఈమధ్యే మార్పించా. అది అమ్ముడుపోయాకే కొత్తదానికి అడ్వాన్స్, రెండు బండ్లకు ఇంటి ముందు జాగా లేదు.