ఎన్ని భూగోళాలు కావాలో లెక్కగట్టే కాలిక్యులేటర్

గ్లోబల్ ఫుట్‌ప్రింట్ నెట్‌వర్క్ అనే సంస్థ ఉచితంగా అందిస్తున్న ఫుట్‌ప్రింట్ కాలిక్యులేటర్ తిండి, ఇల్లు, ప్రయాణం, కొనుగోళ్ల గురించి కొన్ని ప్రశ్నలు అడిగి, మనుషులందరూ మనలాగే జీవిస్తే ఎన్ని భూగోళాలు కావలసివస్తాయో చెబుతుంది. మాంసం ఎంత తరచుగా తింటారు, ఇంట్లో ఎందరుంటారు, ఏడాదిలో ఎన్ని గంటలు విమానాల్లో గడుపుతారు వంటి ప్రశ్నలకు సుమారు జవాబులు చాలు. ఓపిక ఉన్నవారు మరిన్ని వివరాలు చేర్చి లెక్కను సరిచేసుకోవచ్చు.

దీనికి ఆధారమైన పద్ధతిని 1990ల తొలినాళ్లలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం రీస్, మాథిస్ వాకర్నాగెల్ రూపొందించారు. దేశ ఉత్పత్తికి దిగుమతులు కలిపి, ఎగుమతులు తీసివేయగా తేలిన వినియోగానికి ఎంత సాగుభూమి, మేతభూమి, అడవి, చేపలవేట జలాలు, కట్టడాల స్థలం అవసరమో, ఆ వినియోగం వల్ల వెలువడిన కార్బన్ డయాక్సైడును పీల్చుకోవడానికి ఇంకెంత అడవి కావాలో అందులో లెక్కిస్తారు. కొలమానం గ్లోబల్ హెక్టారు, అంటే ప్రపంచ సగటు ఉత్పాదకత గల హెక్టారు. సారవంతమైన మాగాణినీ గడ్డి మొలిచే బీడునూ ఒకే లెక్కలోకి తెచ్చిన ఈ ఏర్పాటే నాకు అన్నిటికంటే నచ్చింది.

చిక్కంతా చివర వచ్చే ఆ ఒక్క అంకెతోనే. మానవాళి ఇప్పుడు సుమారు 1.7 నుంచి 1.8 భూగోళాల మేర వాడుతోందని ఈ పద్ధతి చెబుతుంది. అందులో సగానికి పైగా కార్బన్ వాటాయే. సాగుభూమి విషయంలో వాడకాన్నీ నేల సామర్థ్యాన్నీ ఆ ఏటి దిగుబడి నుంచే లెక్కిస్తారు గనుక ప్రపంచ స్థాయిలో అక్కడ లోటన్నది కనబడే అవకాశమే లేదు: పైమట్టి కొట్టుకుపోయినా, భూగర్భజలం అడుగంటినా, పంట చేతికొస్తే పద్దు సరిపోయినట్టే. 2013లో ప్లోస్ బయాలజీ పత్రికలో కొందరు పరిశోధకులు ఈ విషయాన్నే గట్టిగా ఎత్తిచూపారు. పద్ధతి అతివాడకాన్ని తక్కువ చేసి చెబుతోందే తప్ప ఎక్కువ చేయడం లేదని దాని సమర్థకులు అంటారు. ఆ మాట కొంతవరకు నిజమే కానీ, నేల ఆరోగ్యం తెలుసుకోవాలనుకునేవారికి దానివల్ల ఒరిగేది లేదు.

కాబట్టి ఎన్ని భూగోళాలన్న అంకెను పక్కనపెట్టి, తిండి, ఇల్లు, ప్రయాణాల వారీగా చూపే విభజనను చదవమంటాను. రహదారులు, ఆసుపత్రులు వంటి ఉమ్మడి సేవల్లోని వాటా కూడా ప్రతి ఒక్కరి ఖాతాలో చేరుతుంది గనుక, ఎంత పొదుపుగా బతికేవారి ఫలితమైనా ఒక హద్దు కంటే కిందికి దిగదు. పాత ఫలితంతో కొత్తదాన్ని పోల్చుకునేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: ఈ లెక్కకు ఆధారమైన దేశాలవారీ పద్దులను గత సంవత్సరాలతో సహా మళ్లీ మళ్లీ సవరిస్తుంటారు, అందువల్ల వచ్చిన తేడా అంతా మన అలవాట్లు మారినందువల్లే కాకపోవచ్చు.