సౌండ్, భోజనం బాగున్నాయి, సెక్యూరిటీ మాత్రం లేదు

హనుమకొండ హంటర్ రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్‌లో ఈమధ్య జరిగిన యూట్యూబర్ల మీట్ అండ్ గ్రీట్ (అభిమానులొచ్చి వాళ్లను కలిసే ఈవెంట్) గురించి, దాన్ని నడిపిన ఈవెంట్ కంపెనీ గురించి ఈ రివ్యూ. మా చిన్నమ్మ కూతురు మన యాసలో రీల్స్ చేస్తుంది, తనను గెస్టుగా పిలిచారు, తోడుగా నేను పోయిన. స్టేజీ, సౌండ్ మంచిగ చేశారు, భోజనం బాగుంది, మాట్లాడుకున్న డబ్బులు ఆ రోజే ఇచ్చేశారు.

ఇక అసలు సంగతి. చెల్లికి ఒకడు నెలల తరబడి మెసేజ్‌లు పెడుతున్నాడు. ఒక అకౌంట్ బ్లాక్ చేస్తే ఇంకోటి తెరుస్తాడు, ఒకసారైతే మా గల్లీ ఫోటో తీసి పంపాడు. వాడి ఫోటో, స్క్రీన్‌షాట్లు అన్నీ ఈవెంట్‌కు ముందే మేనేజర్‌కు వాట్సాప్‌లో పంపినం, "మేం చూసుకుంటం అన్నా, టెన్షన్ పడకుండ్రి" అన్నాడు. తీరా గేటు దగ్గర టికెట్లు స్కాన్ చేసే పిల్లలను అడిగితే ఆ ఫోటో సంగతే వాళ్లకు తెలియదు! వాడు సెల్ఫీ పాస్ కొనుక్కొని, అందరిలాగే లైన్లో నిలబడి, చెల్లి పక్కకొచ్చి చెయ్యి పట్టుకొని వదల్లేదు. బౌన్సర్లు స్టేజీ ముందు వీడియోలు తీసుకుంటున్నారు, నేనూ లైట్ల దగ్గరున్న అబ్బాయీ పోయి విడిపించినం. మేనేజర్‌ను నిలదీస్తే "టికెట్ కొన్నోణ్ని ఎట్లా ఆపుతం అన్నా" అన్నాడు. అది చాలదన్నట్టు యాంకర్ మైకులో, మేడం వెనక గేటు నుంచి వెళ్తున్నారని చెప్పేసింది.

దగ్గరికొచ్చి ఫోటో దిగడానికే కదా ఆ పాస్ అమ్మింది? ఆ డబ్బు తీసుకున్నాక, దగ్గరికి ఎవరొస్తున్నారో చూసే పని కూడా కంపెనీదే.

2016 జూన్‌లో అమెరికాలోని ఓర్లాండోలో క్రిస్టినా గ్రిమ్మీ అనే యూట్యూబ్ గాయనిని, షో అయ్యాక అభిమానులను కలుస్తుండగా ఒకడు కాల్చి చంపాడు. అక్కడ బ్యాగులు చూశారు, మెటల్ డిటెక్టర్లు పెట్టలేదు. 2025 అక్టోబర్‌లో శాన్ డియాగోలో, ట్విచ్ అనే లైవ్ వీడియో సైట్ వాళ్లు పెట్టే ట్విచ్‌కాన్ ఈవెంట్‌లో, ఎమిరు అనే స్ట్రీమర్ (లైవ్ వీడియోలు చేసే అమ్మాయి) దగ్గరికి ఒకడు బారికేడ్లు దాటుకొని వచ్చి ముఖం పట్టుకున్నాడు, వాణ్ని పక్కకు తోసింది ఆమె సొంత గార్డు. అంత పెద్ద ఈవెంట్‌లోనే అట్లుంటే, సొంతంగా బాడీగార్డును పెట్టుకోలేని మన హనుమకొండ, కరీంనగర్ పిల్లల సంగతేంది? "మీరే మనిషిని తెచ్చుకోవాల్సింది" అని ఆ కంపెనీలో ఒకాయన అన్నప్పుడు నాకు నిజంగా కోపమొచ్చింది, ఎందుకంటే గార్డుకు కట్టాలంటే చెల్లికి వచ్చిన డబ్బు మొత్తం దానికే పోతుంది.

వాళ్లు చేయాల్సింది పెద్ద ఖర్చు పని కూడా కాదు. సెల్ఫీ పాస్‌కు పేరు, ఐడీ తీసుకోవాలి, గెస్టు ఇచ్చిన ఫోటో గేటు దగ్గరున్న ప్రతి ఒక్కరి ఫోన్లో ఉండాలి, గెస్టుకు, ఫోటో దిగేవాళ్లకు మధ్యలో ఒక టేబుల్ వేసి, పక్కన ఒక మహిళా గార్డును వేరే పని చెప్పకుండా నిలబెట్టాలి. గెస్టు ఎక్కడ దిగింది, ఎటు నుంచి పోతుంది అన్నది తను ఇల్లు చేరేదాకా స్టోరీల్లో పెట్టొద్దు, మైకులో చెప్పొద్దు. బౌన్సర్లను పంపే ఏజెన్సీకి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల మీద ఉన్న 2005 నాటి చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి, అది చూపించమని అడగండి.

మేం పోలీసుల షీ టీమ్‌కు ఫిర్యాదు ఇచ్చినం. వద్దన్నా వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారి మూడేళ్ల దాకా, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా జైలు. మీకూ ఇట్లాంటివి వస్తుంటే మెసేజ్‌లు డిలీట్ చేయకండి.

కంపెనీ వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు కానీ ఇంకో ఈవెంట్ పోస్టర్ వదిలారు, అందులోనూ సెల్ఫీ పాస్ ఉంది. దానికి పిలుపొచ్చిన వాళ్లు అడ్వాన్స్ తీసుకునే ముందే పైన చెప్పినవన్నీ ఒప్పందంలో రాయించుకోండి, రాయకపోతే పోకండి.